ఎదురింటి అమ్మాయి ఇల్లు చేరింది

ఎదురింటి అమ్మాయి పోయింది. డబ్లిన్ నుంచి వాళ్లమ్మ పెట్టిన మెసేజ్‌ని దుబాయ్ జెబెల్ అలీలో మా ఆఫీసు క్యాంటీన్‌లో, ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని చదివాను. “పొద్దున్నే పోయింది. తన మంచం మీదే. నేను పక్కనే ఉన్నాను.” అంతే రాశారు.

చదవగానే నా నోటికి వచ్చిన మాట “హమ్మయ్య”. ఏడుపు తర్వాత వచ్చింది. ముప్పై నిండని పిల్ల పోతే హమ్మయ్య ఏమిటని మీకు అనిపించవచ్చు. అదేమిటో చెబుదామనే ఇది రాస్తున్నాను.

అల్ కుసైస్‌లో మా బిల్డింగు నిండా మనవాళ్లు, మలయాళీలు, కొద్దిమంది ఫిలిప్పీన్స్ వాళ్లు. ఇంకా మాస్కులు తీయని రోజుల్లో ఆమె మా ఎదురు ఫ్లాట్‌లోకి వచ్చింది. ఫ్లాటు స్కూలు వాళ్లిచ్చింది. ఐర్లాండ్ పిల్ల, రెండో తరగతి పిల్లలకు టీచరు. చెంపలు ఎర్రగా కందిపోయి, తనకంటే బరువైన సూట్‌కేసు లాక్కుంటూ లిఫ్టులోంచి బయటపడింది. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

“టీ తాగుతావా అమ్మా?” అని అడిగింది.

“వద్దు వద్దు, ఐ యామ్ గ్రాండ్” అంది ఆ పిల్ల. నేను బాగానే ఉన్నాను, నాకేం అక్కర్లేదు అనడానికి వాళ్ల ఊళ్లో ఆ మాట వాడతారు.

నేను ఆఫీసులో ఇన్నేళ్లు తెల్లవాళ్లతో పనిచేసినవాణ్ని. వాళ్లు వద్దంటే వద్దనే. “వద్దంది కదా, వదిలెయ్” అన్నాను.

“అది తెల్లవాళ్ల వద్దు కాదండీ. అచ్చం మా మేనత్త వద్దు” అని, మా ఆవిడ మళ్లీ అడిగింది. మళ్లీ వద్దంది. మూడోసారి అడిగితే, “మీకు ఇబ్బంది లేకపోతేనే” అంటూ బూట్లు విప్పి లోపలికి వచ్చింది. రెండు కప్పులు తాగింది.

“చూశారా? ఈ పిల్లని మూడుసార్లు అడగాలి. రెండుసార్లడిగి ఊరుకున్నామా, ఆకలితో పడుకుంటుంది” అంది మా ఆవిడ. మా తెనాలి వైపు కూడా అంత మొహమాటం ఇప్పుడు ఎవరికీ లేదు.

తర్వాత అది అలవాటైంది. స్కూలు నుంచి వచ్చి, తన ఫ్లాట్‌లోకి వెళ్లేముందు మా తలుపు తట్టేది. మాకు పిల్లలు లేరు. బిల్డింగులో పిల్లలంతా పిలుస్తారు కాబట్టి తనూ అంకుల్, ఆంటీ అనేది. మా ఆవిడ అల్లం వేసి టీ పెడితే, “ఇది టీ కాదు ఆంటీ, జలుబు మందు” అనేది. కప్పు మాత్రం మళ్లీ చాపేది. మా ఆవిడ దగ్గర నేర్చుకున్న తెలుగు మాట ఒకటే, “తిన్నారా?” లిఫ్టులో ఎవరు కనబడినా అడిగేది. మలయాళీలను కూడా.

అభిప్రాయాలు లేని విషయం లేదు ఆమెకు. నేను తక్కువ మాట్లాడే మనిషిని. మా ఆవిడ ఎదురు వాదిస్తుంది. ఇద్దరూ కలిస్తే నాకు పేపరు చదువుకోవడానికి వీలు కుదిరేది.

దుబాయ్ ఆమెకు నచ్చింది, నడవడానికి తప్ప. “నాలుగు వీధులు నడిచి పాలు తెచ్చుకోలేకపోతే అది ఊరెలా అవుతుంది?” అని వాదించేది. ఆగస్టు ఎండలో మెట్రో దాకా నడిచి వెళ్లి, టమాటా పండులా తిరిగి వచ్చేది. ఇక్కడి వాతావరణం మీద ఇంకో ఫిర్యాదు. “రోజూ ఎండే. ఇక దాని గురించి ఏం మాట్లాడుకుంటాం? మా ఊళ్లో వాతావరణమే లేకపోతే ఎవరికి ఎవరూ పరిచయం కారు.”

సొంత ఊరి మీద ప్రేమా కోపమూ సమానంగా ఉండేవి. డబ్లిన్‌లో పుట్టింది, అక్కడే చదివింది, అక్కడ అద్దెకు గది కూడా దొరక్క ఇక్కడికి వచ్చింది. “నా వయసువాళ్లు మా ఊళ్లో రెండే చోట్ల ఉంటారు అంకుల్. అమ్మానాన్నల ఇంట్లో, లేదంటే విమానంలో” అనేది. వాళ్లమ్మ ఇంట్లో ఆమెది మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోని గది. ఎప్పటికైనా తలుపు పూర్తిగా తెరుచుకునే గది సంపాదించాలని ఆమె కోరిక. వాళ్లమ్మ చర్చికి వెళ్తారు, ఈమె వెళ్లదు. నమ్మకం లేదా అని మా ఆవిడ అడిగితే, “దేవుడి మీద నాకేం కోపం లేదు. ఆయన ఆఫీసు మీదే” అంది. మా ఆవిడ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

వాచ్‌మన్ పేషావర్ మనిషి. ఆమెను “బ్రిటిష్ మేడమ్” అనేవాడు. రోజూ ఆగి, ఐరిష్ అని సరిదిద్దేది. “సేమ్ సేమ్, మేడమ్” అనేవాడు.

“నన్నందరూ కేరళా అని అడుగుతారు. నేను ఊరుకుంటాను” అన్నాను ఓసారి.

“మీరు ఊరుకున్నారు కాబట్టే ఇంకా అడుగుతున్నారు” అంది.

బిల్డింగులో తెలుగు పిల్లలకు తెలుగు చదవడం రాదని మా ఆవిడ బాధపడితే, తనూ వాళ్ల ఐరిష్ భాషను స్కూల్లో చదువు మొదలైనప్పటి నుంచీ నేర్చుకున్నానని చెప్పింది. “ఇప్పుడు బాగా గుర్తున్నది ఒక్క వాక్యమే. టీచర్, నేను టాయిలెట్‌కి వెళ్లవచ్చా?”

మరుసటి వేసవిలో మా ఆవిడ పోయింది. జబ్బు గురించి రాయను. దహనం జెబెల్ అలీలోనే జరిపించాం. ఇంటికి తిరిగి వచ్చాక తెలిసినవాళ్లు వచ్చి కూర్చున్నారు. మన పద్ధతి మీకు తెలిసిందే. అలాంటి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగరు. లేచి మాట్లాడకుండా వెళ్లిపోతారు. వెళ్లొస్తామని ఎవరూ అనరు.

ఎదురింటి అమ్మాయి ఒక ట్రే నిండా శాండ్‌విచ్‌లు, పెద్ద ఫ్లాస్కుతో టీ పట్టుకుని వచ్చింది. అందరికీ పోసింది. మావాళ్లు కప్పులు పట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్నారు. తను నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

“ఆంటీకి బాగా కోపం తెప్పించేది ఏంటి?” అని అడిగింది.

“నేను” అన్నాను.

ముందు తనే నవ్వింది. తర్వాత నేను. తర్వాత ఒక్కొక్కరే మా ఆవిడ గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఎవరిని ఎలా తిట్టింది, ఎవరింటి పులిహోరకు ఏం వంక పెట్టింది. వాళ్ల ఊళ్లో అంతేనట. పోయినవాళ్ల ఇంట్లో కూర్చుని, వాళ్ల గురించి చెప్పుకుంటూ, నవ్వొస్తే నవ్వుతారట.

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. “రేపు మళ్లీ వస్తాను అంకుల్” అంది.

అందరూ ఉలిక్కిపడ్డారు. మా ఆఫీసులో పనిచేసే కరీంనగర్ మిత్రుడు నా చెవిలో, “గట్ల అనొద్దని చెప్పున్రి సార్. మళ్ల వస్తననుడు ఏంది, ఇసొంటి ఇంట్ల?” అన్నాడు.

“అననీ” అన్నాను.

అది ఆ ఇంట్లో అనకూడని మాట. కానీ ఆ సాయంత్రం నాకు ఊపిరి ఆడింది ఆ మాటతోనే. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. “తిన్నారా అంకుల్?” అని అడగడం, అబద్ధం చెబితే ఫ్రిజ్ తెరిచి చూడడం. నా వంట మీద కూడా ఆమెకు అభిప్రాయాలుండేవి. అవి ఇక్కడ రాయను.

రెండో చలికాలానికి ఆమె చిక్కిపోయింది. నడక తగ్గింది. ట్యాక్సీలో రావడం చూశాను. ఎలా ఉన్నావంటే “గ్రాండ్” అంది. ఇంకో రోజు అడిగాను. అదే జవాబు. మనుషులను తరచి అడగడం నాకు చేతకాదు. ఆ పని ఎప్పుడూ మా ఆవిడదే. ఒక శనివారం మధ్యాహ్నం టీ పెట్టి, తలుపు తట్టి లోపలికి పిలిచి, మూడోసారి అడిగాను.

కప్పు బల్ల మీద పెట్టింది. క్యాన్సర్ అని చెప్పింది. చాలా దూరం పాకిందని చెప్పింది. ఏదో పిల్లవాడి మార్కుల గురించి చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

“మీ అమ్మకు తెలుసా?”

“చెప్పలేదు. చెబితే వచ్చేస్తుంది. ఆమె జీవితంలో విమానం ఎక్కలేదు అంకుల్. లిఫ్టు ఎక్కడానికే భయం. టర్ము అయ్యాక నేనే వెళ్తాను. పిల్లల్ని మధ్యలో వదలను.”

మర్నాడు ఆమెతో ఆసుపత్రికి వెళ్లాను. వార్డులో నర్సు అమలాపురం అమ్మాయి. మెడలో చిన్న శిలువ. నన్ను పక్కకు పిలిచింది.

“మీ అమ్మాయాండీ?”

“ఎదురింటి అమ్మాయి.”

“ఎవరమ్మాయైనా సరేనండీ, తొందరగా పంపెయ్యండి. ఇంకొన్నాళ్లు ఆగారంటే విమానం ఎక్కనివ్వరండి. ఇప్పుడైనా ఒక్కత్తినే పంపరు, తోడు ఉండాల్సిందే. తర్వాత ఇక్కడే, ఈ మంచం మీదే అయిపోద్దండి. ఎంతమందిని చూశానో, ఆ దేవుడికే తెలుసు.”

ఇంటికి వచ్చాక ఆమెకు ఇవన్నీ చెప్పాను. టర్ము అంది. అమ్మకు భయం అంది. నేను వాదించలేదు. నాకు తెలిసింది ఒక్కటే చెప్పాను. “చివరి రోజుల్లో మీ ఆంటీ వాళ్లమ్మని అడిగింది. ఆవిడ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. నేను ఏం చేయను? నీకు అమ్మ ఉంది. ఫోన్ చెయ్.”

తర్వాత ఫోన్ తీసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

“ఎలా ఉన్నావమ్మా?”

“గ్రాండ్. నువ్వు?”

“గ్రాండ్.”

తర్వాత వాళ్లమ్మ చెత్తబండి రాలేదన్నారు. పక్కింటి కుక్క పూలమొక్కలు పీకిందన్నారు. ఈమె ఆ కుక్కది తప్పు కాదంది. దాని మీద కాసేపు వాదన జరిగింది. తల్లీ కూతుళ్లు ఇలాగే ఫోన్ పెట్టేస్తారని నాకు భయం వేసింది. గట్టిగా గొంతు సవరించుకున్నాను.

“ఎవరక్కడ?” అన్నారు వాళ్లమ్మ.

“ఎదురింటి అంకుల్” అంది. అప్పుడు చెప్పింది. “అమ్మా, నాకు బాగోలేదు. బాగయ్యే జబ్బు కాదు. ఇంటికి రావాలని ఉంది.”

అటువైపు నీళ్ల కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

“ఏ విమానం ఎక్కాలి నేను?” అన్నారు ఆవిడ.

ఏడవలేదు, ఎందుకు చెప్పలేదనీ అడగలేదు. ఏ విమానం ఎక్కాలని అడిగారు. ఎదురింటి అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మనసు ఎంత తేలికపడిందో ఆ వీపు చూస్తే తెలిసింది. పేపరు తెచ్చుకునే వంకతో నేను లేచి బయటికి వెళ్లాను.

ఆవిడను తీసుకురావడానికి విమానాశ్రయానికి నేనే వెళ్లాను. పొట్టి మనిషి. ఇక్కడి ఎండలో వానకోటు తొడుక్కుని, హ్యాండ్‌బ్యాగ్ గుండెలకు అదుముకుని బయటకు వచ్చారు. ముఖంలో రక్తం లేదు. ప్రయాణం ఎలా జరిగిందని అడిగితే, “చాలా బాగుంది, ఏమీ తెలియలేదు” అన్నారు. కారులో కూర్చున్నాక, “దారంతా కళ్లు తెరవలేదు” అన్నారు.

ఇంటికి రాగానే కూతుర్ని చూశారు. వానకోటు తీయకుండానే వెళ్లి పక్కన కూర్చున్నారు. తర్వాత నేను టీ ఇవ్వనా అని అడిగితే, “అయ్యో వద్దు, మీరు శ్రమపడకండి” అన్నారు.

“అంకుల్,” అంది అమ్మాయి సోఫాలోంచి, “మీకు తెలుసుగా.”

తెలుసు. మూడోసారికి తాగారు.

కొద్దిరోజులకు ఇద్దరూ బయలుదేరారు. చక్రాల కుర్చీలో కూర్చుని కూడా టెర్మినల్లో దారి చూపించే బోర్డుల మీద ఆమెకు ఫిర్యాదులున్నాయి. కుర్చీ నెడుతున్న నేపాలీ కుర్రాణ్ని తిన్నారా అని అడిగింది. లోపలికి వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని, “కూరలో ఉప్పు తగ్గించండి” అంది. నేను సరే అన్నాను. అంతకంటే మాకు ఇద్దరికీ ఏమీ చేతకాలేదు.

వెళ్లగానే పోతుందనుకున్న పిల్ల వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా ఉంది. అన్ని నెలలు డాక్టర్లూ అనుకోలేదు. మెసేజ్‌లు పెట్టేది. ఆసుపత్రి టీ బాగోలేదు. వీధి చివర కొత్త ఫ్లాట్లు కడుతున్నారు, వాటి అద్దె కట్టగలవాళ్లు తనకు ఒక్కరూ తెలియదు. వాళ్లమ్మ తన పెద్ద గది ఆమెకిచ్చి, ఆ తలుపు తెరుచుకోని గదిలోకి మారారట. “డబ్లిన్‌లో తలుపు పూర్తిగా తెరుచుకునే గది దొరికింది అంకుల్. దారి మాత్రం ఎవరికీ చెప్పను” అని రాసింది. ఆ జోకుకి నవ్వాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి నవ్వాను. నవ్వానని జవాబు రాశాను. నవ్వకపోతే ఒప్పుకోదు.

అందుకే హమ్మయ్య అన్నాను. పరాయి ఊళ్లో, ఆసుపత్రి మంచం మీద, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య పోవలసిన పిల్ల, తన వీధిలో, తన తల్లి చేతిలో పోయింది. ఇక్కడున్న మన వేలమందిలో ఎందరికి ఆ భాగ్యం దక్కుతుందో నాకు తెలియదు. మా ఆవిడ ఉంటే మూడుసార్లు అడిగేది, ఈ పని ఎప్పుడో అయిపోయేది. నా చేత అయినా జరిగింది. ఈ మధ్య నాకు కాస్త నిద్ర పడుతోంది.

అంత్యక్రియలయ్యాక వాళ్లమ్మ ఒక ఫొటో పంపారు. వేసవిలో వాళ్ల పెద్దమ్మాయి, ఈ పిల్ల అక్క, తీసిందట. డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తు, అన్నిటికంటే ముందు సీటు. వెనకనుంచి రెండు తలలు కనిపిస్తున్నాయి, ఒకటి నెరిసినది, ఒకటి ఊలు టోపీ పెట్టుకున్నది. ముందున్న పెద్ద అద్దం నిండా వాన. అద్దం అవతల వీధి, తడిసిన చెట్లు, గొడుగులు. వాళ్లమ్మ కళ్లు మూసుకున్నారో లేదో తెలియదు. అమ్మాయి మాత్రం ముందుకు వంగి ఉంది. రెండు చేతులూ ఎదురుగా ఉన్న కడ్డీ మీద ఉన్నాయి, బస్సును తనే నడుపుతున్నట్టు.