పేటెంటు వాయిదాకి మామయ్య వచ్చారు

పాఠం బాగా చెప్పిన పాపానికి నష్టపోయిన టీచర్ని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతోంది. నవ్వకండే! మొత్తం విన్నాక ఎలాగూ నవ్వుతారు, అప్పటిదాకా కాస్త ఆపుకోండి.

మీకు తెలుసుగా, నేను నరసరావుపేటలో ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను. చెప్పటం అంటే నాకు ప్రాణం. ఆ పాఠాల మధ్యలోనే కీళ్ళవాతం లాంటి వాపు జబ్బులకి ఒక చికిత్స పద్ధతి కనిపెట్టాను. కొత్త మందేం కాదు, ఉన్నవే రెండు. ఒకటి ముందు రాయాలి, కాసేపు ఆగాలి, ఆ తర్వాత రెండోది రాయాలి. ఆ ఆగటంలోనే ఉంది నా గొప్పంతా! ల్యాబులో ఎలుకలు పాపం బాగా సహకరించాయి, కాళ్ళ వాపులు దిగిపోయాయి. ఇంకేం, పేటెంటుకి వేద్దాం అనుకున్నా.

పేటెంటు మీద అంత మోజెందుకంటే, మా కాలేజీలో ప్రొఫెసర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. పోటీలో ఇద్దరం. నేనూ, పక్క డిపార్ట్‌మెంటు సారూ. ప్రిన్సిపాల్ గారు మొహమాటం లేకుండా చెప్పేశారు, "మీ ఇద్దర్లో ఎవరి పేటెంటు ముందు గ్రాంటయితే వాళ్ళదే పోస్టు" అని. సారు అప్పటికే తనది వేసేసి నిమ్మళంగా కూర్చున్నారు. నాకేమో ఆ పోస్టు కావాలి. మామూలుగా కాదు, ఏడుపొచ్చేంతగా కావాలి. అసోసియేట్ అనే మాట నా పేరుకి తోకలా ఎన్నేళ్ళు వేలాడాలి చెప్పండి?

హైదరాబాద్‌లో పేటెంటు ఏజెంటు ఒకావిడ దొరికింది. చురుకైన మనిషి. మొదటి ఫోన్లోనే ఒక్క మాట చెప్పింది.

"మేడమ్, అప్లికేషన్ వేసేదాకా ఎవ్వరికీ చెప్పొద్దు. బయటికి పొక్కిందంటే అది ఇంక కొత్తది కాదు. కొత్తది కాకపోతే పేటెంటు లేదు."

"నేనెవరికి చెప్తానండీ!" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు కూడా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంట్లో మాత్రం అన్నాను. వాపుకి మందు కనిపెట్టాను, పేటెంటుకి వేస్తున్నాను, అంతే. మా ఆయన అప్పుడే దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చారు, సగం నిద్రలో "ఆహా, మంచిది" అని పడుకున్నారు. పడుకోనిది మా మామయ్య! ఆ కబురు ఫోన్లో విన్న దగ్గర్నుంచీ ఆయన కాలు నిలవలేదు.

మామయ్య గురించి కొంచెం చెప్పాలి. నూజెండ్ల దగ్గర ఊరు, మిరప సేద్యం. ఒకసారి సర్పంచిగా గెలిచారు, ఇంకోసారి ఓడారు. గెలిచినా ఓడినా ఆయనకి ఒకటే పిచ్చి, సన్మానాలు. ఊళ్ళో ఎవరికైనా కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే సన్మానం, ఎవరి గేదైనా పాలపోటీలో గెలిస్తే గేదెకీ యజమానికీ కలిపి సన్మానం. అలాంటిది సొంత కోడలు మందు కనిపెడితే ఊరుకుంటారా?

ఆదివారం ఊరికి రమ్మన్నారు. వెళ్ళేసరికి సెంటర్లో షామియానా, కుర్చీలు, మనిషెత్తు సౌండు బాక్సులు!

"మామయ్యా, ఇంకా అప్లికేషనే వెయ్యలేదు!" అన్నాను, బిత్తరపోయి.

"ఏస్తావుగా! నామినేషన్ ఏసిన రోజే ఊరేగింపు తీస్తాం మేము. గెలిచిందాకా ఎవురాగుతారమ్మాయ్?" అన్నారాయన.

సరే, పెద్దాయన ముచ్చట. దండ వేయించుకుని, రెండు ముక్కలు థాంక్స్ చెప్పి దిగిపోదాం అనుకున్నా. శాలువా కప్పారు, దండ వేశారు, మైకు చేతికిచ్చారు. "అందరికీ నమస్కారం, నాకు చానా సంతోషంగా ఉంది" అన్నాను. అక్కడితో దిగిపోయుంటే ఈ రోజు మీకు చెప్పటానికి కథే లేదు.

ముందు వరసలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ అడిగింది, "ఆ మందు ఎట్టా పని చేసిద్దమ్మా?"

అయిపోయింది! నాలో టీచరమ్మ లేచి కూర్చుంది. ప్రశ్న అడిగినవాళ్ళని ఉత్త చేతులతో పంపటం నా జన్మలో లేదు. "ఎండిన రేగడి చేనుందనుకో పెద్దమ్మా. ఎరువు తెచ్చి ఒకేసారి కుమ్మరిస్తే ఏమైద్ది? పైపైన పడుంటది. అందుకని ముందు కాస్త తడి పెడతావు, పదునొచ్చిందాకా ఆగుతావు, అప్పుడేస్తావు ఎరువు. ఇదీ అంతే" అని మొదలుపెట్టి, ఏ మందు ముందు, ఏ మందు వెనక, ఎంత మోతాదు, మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఎందుకాగాలి... మొత్తం చెప్పాను. మధ్యలో "అర్థమైందా?" అని అడిగి, కాలేదన్నవాళ్ళకి మళ్ళీ చెప్పాను కూడా! చప్పట్లే చప్పట్లు. పెళ్ళికీ దినానికీ తేడా లేకుండా వచ్చే మా మండలం యూట్యూబ్ ఛానల్ ఆయన కెమెరా పెట్టుకుని మూలన నుంచున్నాడు. ఆయన్ని చూసి నేను దండ సర్దుకున్నాను, నోరు మాత్రం సర్దుకోలేదు.

తర్వాతి వారం ఏజెంటు మేడమ్ అప్లికేషన్ వేసింది. నేనా సన్మానం సంగతే మర్చిపోయాను.

కొంతకాలానికి పేటెంటు ఆఫీసు వాళ్ళు పరీక్ష చేసి రిపోర్టు పంపారు. అందులో మొదటి అభ్యంతరం, రోగికి చేసే చికిత్స పద్ధతికి మన దేశంలో పేటెంటు ఇవ్వరు అని. "అది అందరికీ వచ్చేదే. పద్ధతి అనకుండా రెండు మందులూ కలిపిన కిట్ అని మార్చి చూద్దాం" అంది మేడమ్, చిటికేసినట్టు. రెండో అభ్యంతరం చదివి మాత్రం ఫోన్ చేసింది. గొంతు మారిపోయింది.

"మేడమ్, ఇది ముందే బయటికొచ్చేసిందని ఒక యూట్యూబ్ వీడియో చూపించారు. అందులో శాలువా కప్పుకుని, ఎరువు గురించి మాట్లాడుతున్నది ఎవరు?"

"...నేనేనండీ."

అవతల కాగితాలు టపటపా తిరగేస్తున్న చప్పుడు. మనసులో తిట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

"ఒక్కటే దారి ఉంది," అంది చివరికి. "విన్నవాళ్ళు దాన్ని చేసి చూసుకునేంత స్పష్టంగా ఉంటేనే ఆ వీడియో మనకి అడ్డం. మీరు గందరగోళంగా చెప్పారు, ఎవరికీ ముక్క అర్థం కాలేదు అని వాదిద్దాం."

"నేను చెప్తే అర్థం కాకపోవటమా?" నాకు సర్రున కోపం వచ్చింది. "మా పిల్లల్ని అడగండి!"

"మేడమ్, మీకు పేటెంటు కావాలా, బెస్ట్ టీచర్ అవార్డు కావాలా?"

ప్రొఫెసర్ పోస్టు కళ్ళ ముందు కదిలింది. అభిమానం దిగమింగి, "సరే, అర్థం కాలేదనే చెప్పండి" అన్నాను.

హియరింగ్, అంటే పేటెంటు ఆఫీసర్ ముందు మా వాదన, వీడియో కాల్లో. ఆ సంగతి మామయ్యకి ఎవరు చేరేశారో, పొద్దున్నే మొదటి బస్సుకి దిగారు. తెల్ల ఖద్దరు చొక్కా, భుజాన కండువా, చంకలో సంచి.

"వాయిదా అంట గదా! ఒంటరిగా పోతారా ఎవరన్నా వాయిదాకి? జీపులో మనోళ్ళని ఎక్కించుకొద్దామనుకున్నా, మీ అత్తయ్య పడనీలా."

"మామయ్యా, ఇది కోర్టు కాదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో జరిగేది."

"ఏదైతే ఏంది, ఎనకాల మనిషున్నాడని ఎదుటోడికి కనపడాల."

పల్నాడులో వాయిదాకి ఒక్కళ్ళే వెళ్ళటం అంటే అనాథ అయినట్టే. ఆయన్ని పంపించేయటానికి నాకు నోరు రాలేదు. "కూర్చోండి గానీ, ఒక్క మాట మాట్లాడొద్దు" అన్నాను. "వాయిదాలో ప్లీడరు మాట్లాడాల, మనం చేతులు కట్టుకు కూచోవాల. నాకు చెప్తావా?" అని నా పక్క కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

హియరింగ్ మొదలైంది. ఆఫీసర్ గారు నెమ్మదైన మనిషి, అంతా ఇంగ్లీషులోనే. మా మేడమ్ అందుకుంది. అబ్బ, ఏం వాదించిందండీ! ఈవిడకి మైకు చూస్తే కంగారు, మాట తడబడింది, ఎరువులంటుంది, పదునంటుంది, దానికీ దీనికీ పొంతన లేదు, అదొక గజిబిజి అంది. నేను తల వంచుకుని, ఔను సార్ అన్నట్టు ఊపుతున్నాను.

"కానీ ఆవిడ టీచర్ కదా?" అన్నారు ఆఫీసర్ గారు.

"సార్, నిజం చెప్పాలంటే, ఈవిడ క్లాసులో స్టూడెంట్స్‌కి కూడా ఏమీ అర్థం కాదు!" అనేసింది మేడమ్, ఊపులో.

అది పచ్చి అబద్ధం. అయినా తల ఊపాను! పక్కన మామయ్య కుర్చీ కిర్రుమంది.

అప్పుడు అడిగారు ఆఫీసర్ గారు, పక్కన ఆ పెద్దమనిషి ఎవరని. మా మామగారండీ, ఆ రోజు సభ పెట్టింది ఆయనే అన్నాను. మేడమ్ కళ్ళు మెరిశాయి. ఖద్దరు చొక్కా, కండువా చూసి ఏమనుకుందో, "సార్, మంచిదైంది! సభలో ఉన్న మనిషే ఉన్నారు, మీరే అడగండి ఆయనకేం అర్థమైందో" అంది. నేను కళ్ళతో వద్దు వద్దని సైగ చేస్తున్నాను. ఆవిడ చూస్తేగా!

ఆఫీసర్ గారు అచ్చ తెలుగులోకి దిగారు. "పెద్దాయనా, ఆ రోజు మీ కోడలు చెప్పింది మీకేమన్నా అర్థమైందా?"

మామయ్య కండువా సవరించుకున్నారు.

"ఎందుకర్థం కాదయ్యా? మా అమ్మాయి చెప్తే రాయికైనా అర్థమైద్ది! ముందు పలచటి మందు రాయాల. అది ఇంకి, వాపు మెత్తబడిందాకా ఆగాల, గంటన్నర పట్టిద్ది. తొందరపడి రెండోది రాశావనుకో, తోలు మీదే నిలబడిద్ది. మరీ ఆలస్యం చేశావా, మళ్ళా బిగుసుకుద్ది. ఆ రెండోది కూడా మామూలుగా వాడేదాన్లో సగమే చాలు, ముందే దారి చేసుంచాం గదా!"

రెండు మందుల పేర్లు కూడా చెప్పారు. పురుగుమందుల పేర్లు నోటికొచ్చిన మనిషికి ఇవో లెక్కా!

స్క్రీన్ మీద మేడమ్ కదలటం లేదు. నెట్ పోయిందేమో అనుకున్నా. నెట్ బాగానే ఉంది, ఆవిడే ఆగిపోయింది.

"మరి మిరప రైతుకే ఇంత అర్థమైతే," అన్నారు ఆఫీసర్ గారు నవ్వు ఆపుకుంటూ, "ఫార్మసీ చదివినవాళ్ళకి అర్థం కాదంటారా మేడమ్?"

మేడమ్ ముందున్న ఫైలు మూసేసింది.

కాల్ అయిపోయింది. మామయ్య లేచి మీసం దువ్వుకున్నారు. "గెలిచినట్టేగా? ఆ హైదరాబాదామెకి భలే సమాధానం చెప్పా!"

"మామయ్యా, ఆవిడ మన ప్లీడరు!"

"మన ప్లీడరా? ఎదుటోళ్ళ ప్లీడరనుకున్నానమ్మా! స్టూడెంట్స్ అంది, నిన్ను చూపిచ్చింది, నువ్వేమో తల దించుకున్నావు. ఇంగ్లీషు రాకపోతే మాత్రం, తిట్టేది తెలవదా? నా ఎదురుగా నిన్ను చదువు చెప్పటం రాదంటే నేనెట్టా పడతా?"

ఏమనాలండీ దీనికి? పోస్టు పోయిందని నాకేమో ఏడుపు. ఆయన్ని గట్టిగా కసరాలని నోరు తెరిచాను కూడా. కానీ ఒక విషయం చెప్తా, ఎవరితోనూ అనొద్దు. సంవత్సరం పైన గడిచినా, మధ్యలో ఆగాల్సిన నిమిషాలతో సహా గుర్తుపెట్టుకున్న స్టూడెంటు నాకింతవరకూ తగల్లేదు. పైగా నేనే నన్ను చేతకానిదాన్నని ఒప్పుకుని కూర్చుంటే, ఒప్పుకోనిది ఆయనొక్కరే. ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఇడ్లీ పెడతా రండి మామయ్యా" అన్నాను.

అనుకున్నట్టే పేటెంటు తిరస్కరించారు. ఆవిష్కర్త వివరణ ఎవరికైనా సులువుగా అర్థమయ్యేంత స్పష్టంగా ఉన్నందువల్ల అని రాశారు ఆర్డర్లో. పాఠం బాగా చెప్తానని గవర్నమెంటు స్టాంపుతో రాసిస్తే, దాన్ని చూసి ఏడ్చిన టీచర్ని నేనొక్కదాన్నేనేమో!

ప్రొఫెసర్ పోస్టా? పక్క డిపార్ట్‌మెంటు సారుకే వచ్చింది. ఆయన పేటెంటు ఏ అడ్డూ లేకుండా గ్రాంటయిపోయింది. అప్లికేషన్ వేయకముందు ఆయన కూడా తన ఇన్వెన్షన్ గురించి రెండు సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడారట, వీడియోలు కూడా ఉన్నాయట. వాటిని పేటెంటు ఆఫీసు వాళ్ళు పూర్తిగా చూశారట కూడా. ఎవ్వరికీ, ఏమీ, అర్థం కాలేదు!

అందుకే ఈ మధ్య, ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటున్నాను. నోట్సు కూడా రాసుకుంటున్నా.