మా అందరికీ కలిపి ఒక్క ఓటు

డెబ్భైల చివర్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళం వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందిమే ఉండేవాళ్ళం. అందులో మళ్ళీ మా మూడు కుటుంబాలకి 'లండన్ బ్యాచ్' అని పేరు. నిజానికి మాలో ఒక్కరూ లండన్‌లో కాపురమున్నవాళ్ళు కారు. ఇంగ్లండ్ నడిమధ్య కార్ల ఫ్యాక్టరీల ఊళ్ళలో, పొగమంచులో కొన్నేళ్ళు బతికి, అక్కణ్ణుంచి డెట్రాయిట్ చేరినవాళ్ళం. ఇండియా నుంచి నేరుగా దిగినవాళ్ళకి మా టీ తాగే వేళల దగ్గర్నుంచి అన్నీ ఎగతాళిగానే కనిపించేవి. ఆ మాటకొస్తే వాళ్ళ ఎగతాళిలో కొంత న్యాయం లేకపోలేదు. అమెరికాలో ఉంటూ ఇంగ్లండ్ ఎలక్షన్ల గురించి కొట్టుకుచచ్చేవాళ్ళని ఏమనాలి?

ఆ వసంతంలో మా ఇంట్లో ప్రతి శనివారం జరిగింది అదే. కార్ల కంపెనీలో మావారితో కలిసి పనిచేసే ఇంజనీరుగారు, పక్క వీధిలో ఉండే డాక్టరుగారు, వాళ్ళ భార్యలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఫ్యామిలీ రూంలో చేరేవాళ్ళు. మావారు షార్ట్‌వేవ్ రేడియో కిటికీ దగ్గర పెట్టి లండన్ వార్తలు పట్టడానికి నానా తంటాలూ పడేవారు. రేడియో గరగరలాడేది, వీళ్ళు అంతకంటే గట్టిగా అరిచేవాళ్ళు. తమాషా ఏమిటంటే ఆ గదిలో ఒక్కరికి కూడా ఓటు లేదు. ఇంగ్లండ్ వదిలేశాం గనక అక్కడ లేదు. గ్రీన్ కార్డులే గనక ఇక్కడ లేదు. ఇండియా సంగతి సరే సరి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది మా వ్యవహారం.

అక్కడ ప్రతిపక్షానికి నాయకురాలు ఆడమనిషి. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. మా అమ్మ మా నాన్నని 'ఆయన' అన్నట్టే, అందరూ ఆమెని 'ఆవిడ' అనేవాళ్ళు.

"ఆవిడ రావాలండీ!" అని ఇంజనీరుగారు సోఫా చేతిమీద కొట్టేవారు. "మొన్నటి చలికాలం అక్కడి సంగతి మీరు టీవీలో చూళ్ళేదా? వీధుల్లో చెత్త అలాగే పడుంది. ప్లాంట్‌లో స్ట్రైక్, హాస్పిటల్లో స్ట్రైక్. యూనియన్లని కంట్రోల్ చెయ్యగలిగింది ఆవిడొక్కతే. టాక్స్ కూడా కట్ చేస్తానంటోంది."

డాక్టరుగారిది వరంగల్లు. నెమ్మదిగా మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి లేచి నిలబడేవారు. "టాక్స్ తగ్గిస్తదట! మీకు గదొక్కటే కనబడ్తది. మనోళ్ళను రానియ్యనంటుంది గద, గది కనబడదా? ఆడపిల్లలు ఇండియాకెళ్ళి పెళ్ళి చేసుకుంటే మొగుణ్ణి దేశంలకు రానియ్యరట. మ్యానిఫెస్టోల రాసిన్రు."

"ఎలక్షన్ మాటలండీ. గెలిచాక ఎవడు చేస్తాడు?"

"గెలిచినంక చేస్తే ఏం జేస్తరు?"

ఆ ప్రశ్న దగ్గర అందరూ నా వైపు చూసేవాళ్ళు, నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఎందుకంటే ఆ గది మొత్తానికి ఇంగ్లండ్‌లో ఒకే ఒక్క ఓటుంది, అది మా చెల్లెలిది. ఇండియా నుంచి రావాల్సిన మొగుడు కూడా దానికే.

నా పురిటికి సాయంగా ఇంగ్లండ్ వచ్చి, అక్కడే చదువుకుని, లెస్టర్‌లో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం సంపాదించుకుంది చెల్లెలు. మేము అమెరికా వచ్చేసినా అది రానంది. కిందటి ఏడాది సెలవులో తెనాలి వెళ్ళినప్పుడు నాన్న సంబంధం చూశారు. అబ్బాయి కాలేజీలో లెక్చరర్, వాళ్ళ నాన్నగారు పేరున్న ప్లీడరు. తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్ళయ్యాక అబ్బాయే ఇంగ్లండ్ వెళ్ళడానికి ఒప్పందం.

ఆవిడ గెలిస్తే ఆ అబ్బాయి వెళ్ళడం ఉండదు. పెళ్ళి జరిగినా చెల్లెలు అక్కడ, మొగుడు తెనాలిలో. ఎలక్షన్ లోపలే రిజిస్టర్ పెళ్ళి చేసేసి, కాగితాలు పెట్టించాలని నా పట్టుదల. అప్పటికి నాన్న మా ఇంట్లోనే ఉన్నారు, ఆరునెలలు ఉండడానికి వచ్చారు. సూట్‌కేసులో పట్టుబట్టల కింద పంచాంగం పెట్టుకుని మరీ వచ్చారు.

"మూఢం అమ్మాయ్," అన్నారు పంచాంగంలో వేలు పెట్టి. "ఈ నెలా పై నెలా మూఢమే. మూఢంలో పెళ్ళేమిటి?"

"ఆవిడ గెలిస్తే పెళ్ళే ఉండదు నాన్నా!"

"గ్రహాలకి ఎలక్షన్లు తెలియవు."

నాకు ఒళ్ళు మండింది. చెల్లెలు నా పక్షం వస్తుందనుకుని ఆదివారం ఫోన్ చేశాను. చిన్నప్పుడు రాహుకాలంలోనే కావాలని గుమ్మం దాటి నాన్నని ఏడిపించిన పిల్ల అది. "మూఢంలో పెళ్ళేంటక్కా, బావుండదు," అంది నెమ్మదిగా. నేను రిసీవర్ వంక తేరిపార చూశాను. పైగా, ఆవిడ పార్టీ తరఫున ఇద్దరు ముసలమ్మలు ఇంటికొచ్చారని, వాళ్ళకి టీ ఇచ్చి కూర్చోబెట్టానని, తన ఓటు ఆవిడకే వెయ్యాలనుందని చెప్పింది.

"నీకేమైనా పిచ్చా? నీ మొగుడు రాకుండా తలుపేస్తామంటే, గడియ నువ్వే పెడతావా?"

"మొదటిసారి ఒక ఆడది ప్రధానమంత్రి కుర్చీలో కూర్చోబోతోంది కదక్కా. నాకు చూడాలనుంది."

ఆ తర్వాత నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. పొద్దున్నే లేచి తుడిచిన కౌంటరే మళ్ళీ తుడిచేదాన్ని. అమెరికన్ పేపర్లలో ఎక్కడో లోపలి పేజీలో రెండు పేరాలు వస్తాయి ఇంగ్లండ్ గురించి, వాటికోసం లైబ్రరీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేదాన్ని. ఫోన్ తీగె సాగినంత మేరా వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ డాక్టరుగారి భార్యతో అదే మాట పదిసార్లు మాట్లాడేదాన్ని. మావారు, "ప్రచారానికి నిన్ను పంపాల్సింది," అన్నారు ఒకసారి. ఆ రోజు ఆయనకి కూరలో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయానని చెప్పాను గాని మరిచిపోలేదు.

ఇక మా శనివారం సభవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఎలక్షన్ ఇంకో ఐదు రోజులుందనగా చెల్లెలికి అందరూ కలిసి ఫోన్ చేసి చెప్పాలని. వాళ్ళ ఊళ్ళలో ఎలక్షన్లప్పుడు పెద్దమనుషులు గడప గడపా ఎక్కినట్టు, ఇక్కడ ఒక్కొక్కరే ఫోన్ అందుకున్నారు. ఇంజనీరుగారు యూనియన్ల గురించి ఉపన్యాసమిచ్చారు. డాక్టరుగారు, "చెల్లెమ్మా, నీ కాళ్ళమీద నువ్వే గొడ్డలేసుకోకు," అన్నారు. మావారు కూడా మరదలితో ఏదో హాస్యమాడి, వడ్డీ రేట్ల గురించి రెండు మాటలన్నారు. నాన్న ఫోన్ తీసుకుని గొంతు సవరించుకున్నారు. మా ఇంట్లో ఓటెప్పుడూ ఆయన చెప్పినవాళ్ళకే. అమ్మ బతికుండగా గుర్తు చెప్పి పంపేవారు, అమ్మ అలాగే గుద్ది వచ్చేది.

"చూడమ్మా. అధికారంలో ఉన్నవాళ్ళకే వెయ్యి. అల్లుడు రావాలి. నేను మాట ఇచ్చాను," అన్నారు.

అట్నుంచి ఏమందో తెలీదు. ఆయన "ఊఁ" అని రిసీవర్ నా చేతికిచ్చారు.

నేను తీగె లాక్కుంటూ పక్కనున్న బట్టలుతికే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. "ఏమే, అర్థమైందా?"

చెల్లెలు ఏడుస్తోంది. అది ఏడవడం నేను చాలా ఏళ్ళుగా వినలేదు.

"అక్కా, ఆ తలుపు వేసేస్తే నాకంతే చాలు."

"ఏమిటే?"

"నాకీ పెళ్ళి వద్దు. అతను వచ్చి కూర్చున్నంతసేపూ ఇంగ్లండ్ గురించే అడిగాడు. ఇల్లెంత దూరం, ఉద్యోగాలెలా దొరుకుతాయి, అవే. నన్ను గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. తాంబూలాలయ్యాక వద్దంటే నాన్న తల ఎక్కడ పెట్టుకుంటారు? గవర్నమెంటే వద్దంటే ఎవరి తప్పూ కాదు కదా. అందుకే మూఢమని తెలిసినప్పుడు బతికాననుకున్నాను. నాన్నకి చెప్పకక్కా."

నేను గదిలోకి తిరిగొచ్చేసరికి వాళ్ళు ఇంగ్లండ్‌లో ప్రభుత్వం కట్టించిన కౌన్సిల్ ఇళ్ళు అద్దెకున్నవాళ్ళకే అమ్మడం మంచిదా కాదా అని వాదించుకుంటున్నారు. ఇంజనీరుగారు నన్ను చూసి, "ఏమంటోందండీ మన ఓటరు? ఎటు మొగ్గింది?" అన్నారు నవ్వుతూ. నాన్న కూడా నవ్వుతూనే నా వైపు చూశారు.

నా నోరు మంచిది కాదని మా అత్తగారు ఎప్పుడూ అనేది. "దానికి ఆ పెళ్ళి ఇష్టం లేదు," అన్నాను, అందరూ వినేలాగా. "మీ పాలసీలూ మీ టాక్సులూ తగలెయ్య. ఆ అబ్బాయి రాకూడదనే అది ఆవిడకి ఓటేస్తానంటోంది."

చెప్పకక్కా అన్న గంట కూడా కాకుండానే చెప్పేశాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఇంకో వారం ఆగితే నాన్న పెళ్ళిబట్టల గురించి మొదలుపెట్టేవారు.

 మావారు రేడియో కట్టేశారు. డాక్టరుగారి భార్య లేచి కప్పులు తీయడం మొదలుపెట్టింది. నాన్న లేచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళారు. మా వీధికి నడిచే దారి ఉండదు, రోడ్డు పక్కన గడ్డిలోంచే నడవాలి. ఆయన పంచె అంచు గడ్డికి తగులుతూ పోవడం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

ఆయన లేనప్పుడు ఇంజనీరుగారు దారి కనిపెట్టారు. "అసలు ప్రాబ్లమే లేదండీ. ఆవిడ ఎలాగూ గెలుస్తుంది. రూల్ మారుస్తుంది. అప్పుడు పెద్దాయన ప్లీడరుగారితో, మేమేం చెయ్యగలం, అక్కడి చట్టం అలా ఉంది అంటే సరి. పరువుకి పరువు, పనికి పని." మొదటిసారి డాక్టరుగారు కూడా ఆయనతో ఏకీభవించారు. ఆవిడ గెలవకూడదని అంతకాలం అరిచిన మనిషి, "గట్లయితే ఆమె గెలిస్తేనే మంచిది," అనేశారు. నాకూ అదే బాగుందనిపించింది. ఓపిక పడితే చాలు, ఎవరికీ నొప్పి ఉండదు.

సాయంత్రం ఆ సంగతి నాన్నతో చెప్పాను.  తర్వాత నాలుగు రోజులు ఆయన ఇంట్లో నడిచారేగాని మాట్లాడలేదు. పేపరు తీస్తారు, పెడతారు. టీవీ ముందు కూర్చుంటారు, లేస్తారు. పంచాంగం ముట్టుకోలేదు. నన్ను తిట్టినా బావుండుననిపించింది.

గురువారం పోలింగ్. ఆ పొద్దున నేను కిందికి వచ్చేసరికి నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోన్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"తెనాలికి కాల్ బుక్ చెయ్యి. ప్లీడరుగారింటికి."

"ఎందుకు నాన్నా? ఈ ఒక్కరోజు ఆగండి. రేపు ఫలితం తెలుస్తుంది. దాన్నిబట్టి..."

"ఫలితంతో మనకేం పని? ఇంట్లో పిల్ల వద్దంటే వద్దని చెప్పాలి గాని, ఎవరో తెల్లవాళ్ళ చట్టం వెనకాల దాక్కుంటానా? ఆయనకీ కొడుకున్నాడు. ఆ కుర్రాడు ఎన్నేళ్ళు ఆశపెట్టుకుని కూర్చోవాలి?"

ఆపరేటర్ లైను కలపడానికి చాలాసేపు పట్టింది. నాన్న లేచి నిలబడి మాట్లాడారు. అరవాల్సి వచ్చింది, లైను అంత అధ్వాన్నం. "మా అమ్మాయికి ఇష్టం లేదండీ. ముందుగా అడక్కపోవడం నాదే పొరపాటు. మన్నించండి." ఆ మూడు ముక్కలే రెండుసార్లు అరిచారు, మొదటిసారి వాళ్ళకి వినపడక. అవతల ప్లీడరుగారు ఏమన్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, చొక్కా విప్పేసి, మళ్ళీ పడుకున్నారు. తెనాలి వెళ్ళాక ఆ వీధిలో నడవడం మానేశారని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం దాటాక చెల్లెలికి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది. జరిగింది చెప్పాను. 

"వెళ్ళి ఓటేసి రా," అన్నాను. "ఇంక పెళ్ళి గొడవ లేదుగా. నీ ఇష్టం వచ్చినవాళ్ళకి వేసుకో."

"ఎవరికి వెయ్యాలో ఇప్పుడు నాకే తెలీడం లేదక్కా."

"ఆవిడన్నావుగా?"

"నా పక్క సీట్లో ఒక పంజాబీ అమ్మాయి పనిచేస్తుంది. వాళ్ళాయన జలంధర్ నుంచి రావాలి. వీసా పేపర్లు ఢిల్లీలో బ్రిటిష్ ఆఫీసులో ఉన్నాయి. రోజూ ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చునే లంచ్ తిన్నాను. ఇన్ని రోజులూ తలుపు మూసెయ్యాలి, మూసెయ్యాలి అనుకున్నానేగాని, ఒక్కసారి కూడా ఆ అమ్మాయి గుర్తుకు రాలేదు."

చెల్లెలు ఆ సాయంత్రం ఆవిడకి ఓటెయ్యలేదు. ఆవిడ ఎలాగూ గెలిచింది. మా ఫ్యామిలీ రూంలో ఇంజనీరుగారు స్వీట్లు పంచారు, డాక్టరుగారు తినలేదు. మరుసటి ఏడాది, మొగుళ్ళని రానివ్వకూడదన్న రూలు నిజంగానే వచ్చింది. పంజాబీ అమ్మాయి భర్త కాగితాలు వెనక్కి వచ్చాయి. ఆ అమ్మాయి కొన్నాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇక లాభం లేదని ఉద్యోగం వదిలేసింది. జలంధర్ వెళ్ళిపోయేరోజు మా చెల్లెలే కారులో ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళింది. లోపలికి వెళ్ళబోయే ముందు ఆ అమ్మాయి చెల్లెల్ని కౌగిలించుకుని, "నీ అదృష్టం, నీకు రావాల్సినవాళ్ళు ఎవరూ లేరు," అందిట.