మజహర్ సేటుకు సలాం

ఎల్లారెడ్డిలో మజహర్ సేటు బట్టల దుకాణం అరుగు మీద సైమా మిషన్ కుడుతుంది. ఆమెకు పుట్టు చెవుడు. కొలతలు తీసే కళ్లతోనే మనుషుల్నీ చూస్తుంది. ఒకనాడు సేటు గిరాకీల ముందు నోరు వంకరలు తిప్పుతూ, "చెవిటిదానికేం తెలుస్తది?" అని వెక్కిరించాడు. ఆ మాటను ఆమె అతని పెదవుల మీదే చదివింది. బధిరులు మనిషి అలవాటును బట్టి సైగతో పేరు పెడతారు. ఆ ఆదివారం కామారెడ్డిలో తనలాంటి వాళ్లంతా కలిసినప్పుడు సైమా సేటుకు పేరు పెట్టింది: అరచేత్తో నుదుటిమీది జుట్టును రెండుసార్లు అదమడం. ఎవరికీ తెలియదనుకునే తన విగ్గును సేటు అలాగే అదుముకుంటాడు. ఇప్పుడు జుక్కల్ దాకా అతని పేరు అదే. దుకాణానికి వచ్చిన ప్రతి బధిరుడూ అతన్ని చూసి ఆ సైగ చేస్తాడు. "నాకు సలాం కొడుతున్నరు, చూసిండ్రా!" అని మురిసిపోతూ సేటు తిరిగి అదే సలాం కొడతాడు. సైమా పగ ఒక్క సలాంతో తీరదు. దారం పంటితో తెంపి, తానూ లేచి, నవ్వకుండా అరచేతిని నుదుటికి ఆనిస్తుంది.