వీణ దించని మధ్యాహ్నం

నా చిన్నప్పుడు ఆర్మూర్‌లో పసుపు ఉడికే రోజులంటే మాకు పండుగే. ఏ గల్లీలోకి పోయినా ఆ వాసనే. ఒక్క ఏడు మాత్రం ఆ పండుగ లేదు. ఉడకబెట్టి కళ్లంలో ఆరబోసిన పసుపు మీద అకాల వాన విడవకుండా కురిసింది. కొమ్ములు బూజుపట్టి నల్లబడ్డాయి. మార్కెట్‌కు తీసుకుపోతే కొనేవాళ్లు చేత్తో తాకి కూడా చూడలేదట. మా బాపు బస్తాలన్నీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అన్నం ముట్టడు. పిలిస్తే పలకడు. మా అమ్మ పురుగుల మందు డబ్బాను తీసుకుపోయి పక్కింటివాళ్ల కొట్టంలో దాచి వచ్చింది. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, చెప్పకుండానే అర్థమయింది. నేను తిరిగొచ్చేసరికి బాపు ఉంటాడో ఉండడోనని బడి మానేసి గడపలోనే కూర్చునేదాన్ని. ఓదార్చడానికి వచ్చిన పెద్దమనుషులు ధైర్యం చెప్పీ చెప్పీ, చాయ్ తాగి పోయేవారు. వాళ్ల ధైర్యం మండిపోను!

మా బాపును కన్నతల్లి, మా బాపమ్మ, మాత్రం ఒక్క మాటా అనలేదు. గల్లీ భజనమందిరంలో ఏటా హరినామ సప్తాహం జరిగేది. ముందు కూర్చుని భజన చేసేవాళ్లను అందరూ చూస్తారు, వెనక బూడిదతో గంగాళాలు తోమే మా బాపమ్మను ఎవరు చూస్తారు? ఆమెకు అదే ఇష్టం. ఆ మందిరంలో ఒక కట్టుబాటు ఉండేది. మొదటిరోజు భుజానికెత్తిన వీణను నిలబడే మీటుతారు, అది చేతులు మారుతుందే గాని కింద పెట్టరు. చివరిరోజు అందరి భోజనాలూ అయి, గిన్నెలు తోమినవాళ్లు కూడా తిన్నాకే దించాలి. అంతదాకా భజన ఆగకూడదు.

ఆ ఏటి సప్తాహం చివరిరోజు పొద్దున బాపమ్మ "అయ్యో, సచ్చిపోతి" అంటూ వాకిట్లో కూలబడింది.

"కొడుకా, నడుము పట్టేసిందిరా. గంగాళాలు ఎవలు తోముతరు? గీ ఒక్కపూట జర నువ్వు పోరాదు" అని బతిమాలింది.

"నన్నెందుకు సతాయిస్తవే అవ్వా" అన్నాడు బాపు. ఎన్నో రోజులకు విన్న గొంతు. అన్నాడే గాని, తల్లి ఏడుపు చూడలేక లేచాడు. నేనూ వెంటపడ్డాను.

మందిరం వెనక బాపుకు ఎవరూ ధైర్యం చెప్పలేదు. చెప్పే తీరికేది? పప్పు గంగాళం తోమేలోగా అన్నం గంగాళం వచ్చి పడేది. మోచేతులదాకా బూడిదతో, వంచిన తల ఎత్తకుండా తోమాడు. తోముతూనే ఏడ్చాడు. నీళ్లు పోస్తున్నదాన్ని కనుక నేను చూశాను. మిగిలినవాళ్ల కళ్లు ముందున్న దేవుడి మీదే ఉన్నాయి.

అందరూ తిన్నాక విస్తరిలో అన్నం, పప్పు తెచ్చి బాపు ముందు పెట్టారు. "నాకద్దు" అన్నాడు. లోపల భజన నడుస్తూనే ఉంది. గొంతులన్నీ జీరపోయాయి. వీణ పట్టిన ముసలాయన కాళ్లు వణుకుతున్నాయి. అయినా ఎవరూ విసుక్కోలేదు, తొందరపెట్టలేదు. నాకైతే ప్రాణం గిలగిలలాడింది. ఇక్కడ కూడా తినకపోతే ఈ మనిషి ఇంకెక్కడ తింటాడు?

అప్పుడే నడుము పట్టుకుని వచ్చిన బాపమ్మ ఆయన పక్కన చతికిలబడింది.

"తిను కొడుకా. నువ్వు తినందే ఆళ్లు ఆపరు. నీకోసమే పాడుతున్నరు."

బాపు చాలాసేపు లోపలికే చూశాడు. తర్వాత ముద్ద కలిపాడు. మింగలేక మింగాడు. విస్తరి ఖాళీ అయ్యాక ఎవరో లోపలికి కేకేశారు, వీణ దించారు. మా బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రం ఆమె పెద్ద గంగాళాన్ని చంకనెత్తుకుని చకచకా పోతుంటే నేను నోరు తెరిచాను. "బాపమ్మా, నీ నడుము?"

"నోరు ముయ్యే పోరీ" అని కళ్లురిమింది.

పోయిన పసుపు తిరిగి రాలేదు. మరునాడూ బాపు గోడవైపే పడుకున్నాడు. కానీ మధ్యాహ్నం తనంతట తనే అన్నం అడిగాడు.

ఇప్పుడు నేనే బాపమ్మనయ్యాను. ఏ సప్తాహానికి పోయినా ముందు మందిరం వెనక్కి పోతాను, దండం పెట్టుకోవడం ఆ తర్వాతే. తోమేవాళ్లలో తల ఎత్తనివాళ్లు ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని నేనూ ఒక గిన్నె అందుకుంటాను. ఏమైందని అడగను. వాళ్లు తినేదాకా మాత్రం లేవను.