మా ఇద్దరి మధ్య కోడలు

మాది నాచారం. నిరుడు మా కోడలికి సీమంతం అయ్యాక, తొలి కాన్పుకు కూతుర్ని తీసుకువెళ్లడానికి వియ్యపురాలు కాకినాడ నుంచి వచ్చారు. పద్ధతి అదే అయినా నాకు లోపల ఒకటే మంట. ఇన్నాళ్లూ వాంతులైతే వీపు నిమిరింది నేను, బిడ్డను ముందు ఎత్తుకునేది ఆమెనా అని.

ప్రయాణానికి ముందురోజు మా అబ్బాయి అందరినీ ఉప్పల్‌లో సినిమాకు తీసుకెళ్లాడు. కడుపుతో ఉన్న అమ్మాయి చుట్టూ రెండు కుటుంబాలు కొట్లాడుకునే కథ అది. హాలంతా నవ్వుతోంది. మేమిద్దరం మాత్రం కోడలికి చెరోపక్కా బిగుసుకుని కూర్చున్నాం.

అంతలో కోడలు, "బిడ్డ కదులుతోంది" అంది. నేను చెయ్యి పెట్టబోయాను. అప్పటికే వియ్యపురాలి చెయ్యి అక్కడుంది.

"జర తియ్యి వదినె, నేను గూడ సూస్త."

"ఉండండి వదినగారూ, ఇప్పుడేగా పెట్టాను."

"రేపటి సంది నీ తాననే ఉంటది గద."

నా గొంతు ఎంత లేచిందో నాకే తెలియలేదు. వెనుక వరుసలోని ఒకాయన, "అమ్మా, ముందుగాల తెర మీది లొల్లి సూడనియ్యిన్రి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

కోడలు లేచి, వరుస చివర ఉన్న మా అబ్బాయి పక్కనున్న ఖాళీ సీట్లో కూర్చుని, వాడి చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది. పాపం, అంతవరకూ వాడికి మేం వంతే రానివ్వలేదు.

మనవరాలు కాకినాడలోనే పుట్టింది. వియ్యపురాలు ఎత్తుకుంటే నాకిప్పటికీ కుళ్లుగానే ఉంటుంది. కాకపోతే చేతులు చాచే ముందు ఒకసారి కోడలి ముఖం చూస్తాను.