సర్వర్ మీద ఎర్రలైటు

తొంభైలలో సిద్దిపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. అక్కడి కంప్యూటర్లకు సొంత డిస్కులు లేవు. విద్యార్థులు ఏం చేసినా మూలనున్న సర్వర్లోనే దాచుకోవాలి.

ఆ శుక్రవారం చివరి పరీక్ష. సెంటర్ యజమాని గడియారం చూసి, "పదిన్నరకు రాహుకాలం షురువైతది. ఆ లోపల అందరు ఒక్కసారే సేవ్ కొట్టుండ్రి" అన్నారు.

అందరూ కొట్టారు. తెరలన్నీ బిగుసుకుపోయాయి. కంగారులో మళ్ళీ మళ్ళీ నొక్కారు. సర్వర్ మీద ఎర్రలైటు ఆరడం లేదు, లోపల డిస్కు గరగరమంటోంది.

"మేడం, నాది పోయిందా? సర్టిఫికెట్ తెస్తెనే నౌకరి ఇస్తమన్నరు" అంది షాహెదా అనే అమ్మాయి, ఏడుపు ఆపుకుంటూ.

యజమాని సర్వర్ స్విచ్ మీద చెయ్యి వేశారు. "బంద్ చేసి మళ్ల పెడ్త."

అడ్డం నిలబడ్డాను. "వద్దు సార్. లైటు ఉన్నదంటే ఇంక డిస్కుల రాస్తనే ఉన్నది. అందరు ఒక్కసారి మీద పడితె దానికి ఊపిరాడుతలేదు. ఇప్పుడు ఆపితె అందరిది పోతది. ఎవ్వరు ఏం ముట్టకుండ్రి."

నేను చెప్పింది తప్పయితే? అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి యజమాని స్విచ్ మీంచి చెయ్యి తీశారు.

డిస్కు గరగరమంటూనే ఉంది. చాలాసేపటికి ఒక తెర కదిలింది. తర్వాత ఇంకొకటి. అన్నిటికన్నా చివర షాహెదాది.

ఆనాటి నుంచి మా సెంటర్లో ఒక బెంచీ తర్వాత ఒక బెంచీ సేవ్ చేసేవాళ్ళు. ఇప్పటికీ ఏ యంత్రం ఆగినట్టు కనిపించినా ముందు దాని లైటు చూస్తాను. యజమాని మాత్రం మంచి గడియల మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు అందరి పరీక్షా డిస్కులో క్షేమంగా పడింది రాహుకాలంలోనే మరి.