నల్ల చేప తీసుకుపోయిన జ్వరం

మా హాల్లో గాజు తొట్టి ముందు నిలబడ్డవాళ్ళంతా ఒకటే మాట అంటారు, "గోల్డ్ ఫిష్షులా?" అని. అవును, గోల్డ్ ఫిష్షులే. మనుషులంతా మనుషులే అయినట్టు. తల మీద మొటిమలు గుత్తిగా లేచి, జంట తోక వేలాడుతుంటే ఒరాండా. తల అలాగే ఉండి వీపు మీద రెక్క లేకపోతే రాంచు. తల వెనకే గూను లేచింది ర్యూకిన్. పొలుసు పొలుసుకీ ముత్యమంత బుడిపె ఉండి, బొజ్జ గుండ్రంగా ఉన్నది పర్ల్‌స్కేల్. సన్నగా, ఒంటి తోకతో దూసుకుపోయేది కామెట్. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చి ఒళ్ళంతా నల్లగా ఉండేది బ్లాక్ మూర్. ఇదంతా ఫోన్లో చూసి, వనపర్తిలో చేపల దుకాణం ముందు కాళ్ళు పీకేదాకా నిలబడి నేర్చుకున్నాను. కల్వకుర్తిలో మా అమ్మగారింట్లో చేపంటే పులుసే.

గద్వాలలో మా అత్తగారింట్లో చేపలు రెండే రకాలు, ఎర్రవి, నల్లది. వాస్తు చూసినాయన ఈశాన్యంలో తొట్టి పెట్టమని, ఎర్రవాటి మధ్య ఒక నల్లది ఉండి తీరాలని చెప్పిపోయాడు. ఇంటి మీదికొచ్చే పీడను నల్లది తన మీద వేసుకుని చస్తుందట. అది చచ్చిన రోజు మా అత్త ముఖం వెలిగిపోయేది. సాయంత్రానికల్లా ఇంకో నల్లది వచ్చేది.

ఆ నల్ల మూర్‌కి చూపు ఆనదు. గింజలు వేయగానే కామెట్లు ఊడ్చుకు తింటాయి, ఇది అడుగున తడుముకుంటూ తిరుగుతుంది. రెండింటినీ ఒకే తొట్టిలో వేయకూడదని మొత్తుకున్నాను. కరెంటు కాలుతుందని అత్త గాలి మోటరు ఆపేస్తుంటే ఆపొద్దన్నాను. నీళ్ళు మారుద్దామంటే ఒకనాడు శుక్రవారం అడ్డు, ఒకనాడు అమావాస్య అడ్డు. ఆకలితో, మురుగునీళ్ళలో చచ్చినదానికి దండం పెడుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా ఆయనతో చెప్తే, పెద్దావిడ, పోనీలే అనేవాడు. నవ్వుతూ అనేవాడు.

పోయిన వానాకాలం నాకు జ్వరం తగులుకుంది. కళ్ళ వెనక పోటు, ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు నొప్పులు. మా వీధిలో ఇంటికొకరు డెంగీతో పడి ఉన్నారు. మా ఆయన ఆటో పిలిచాడు. నేను గోడ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి మూర్ వెల్లకిలా తేలుతోంది, అత్త చేతులు జోడించి దాని ముందు నిలబడి ఉంది.

"నీ జరం అది తీస్కపోయింది బిడ్డా. ఇగ దవాఖాన ఎందుకు? పోయి పండుకో" అంది.

మా ఆయన నావైపు చూశాడు, తల్లివైపు చూశాడు. బయటికిపోయి ఆటోను పంపించేశాడు.

ఆమె ముసలిది, నమ్మింది. ఆయన నమ్మలేదు. నమ్మకుండానే పంపించాడు. నా కోపమంతా ఆయన మీదే.

మర్నాడు చిగుళ్ళ నుంచి రక్తం కారితే పక్కింటామె నన్ను దవాఖానకు తీసుకుపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ నోటితో చెప్పలేదు, కేకలు మాత్రం వేసింది. సెలైన్ ఎక్కుతుంటే మా ఆయన టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి, ఇంట్లో కొత్త నల్ల చేపను తెచ్చి వేశామని చెప్పాడు. నేను సంతోషపడతానని అనుకున్నట్టున్నాడు. నేను లేచి తిరిగాక అత్త వీధంతా చెప్పుకుంది, చేపే నా కోడల్ని బతికించిందని. ఆ పేరు డాక్టరమ్మకు దక్కలేదు, పక్కింటామెకూ దక్కలేదు.

మొన్న మా ఆయనకు జ్వరం వచ్చింది. ఒళ్ళు వెచ్చబడిందో లేదో అత్త కర్నూలులో పెద్ద దవాఖానకు కారు మాట్లాడించింది. ఆ పొద్దున కూడా తొట్టిలో నల్లది చచ్చి తేలుతోంది. అత్త దాన్ని చూసింది. చూసి, ఆయన బట్టల సంచి చంకన పెట్టుకుని బయల్దేరింది.

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"చేప సచ్చింది గద అత్తమ్మా. జరం పోయినట్టే గద. దవాఖాన ఎందుకు?"

"తమాషాగుందా నీకు? వానికేమన్న అయితే?" అంది అత్త.

మా ఆయన నా మొహం చూడకుండా పక్కనుంచి పోయి కారెక్కాడు.